క్లైవ్ ఎందుకు వెనక్కి తగ్గాడు? ‘మారిస్’ నవలకూ సినిమాకూ మధ్య ఒక చట్టం

‘మారిస్’ అనే ఇంగ్లీషు సినిమా చూసినవాళ్లు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. కొన్నేళ్లపాటు ప్రాణానికి ప్రాణంగా మెలిగిన ఇద్దరు యువకుల్లో ఒకడు, క్లైవ్, ఉన్నట్టుండి ‘మనం మారాలి’ అంటాడు. గ్రీసు వెళ్లొస్తాడు, పెళ్లి చేసుకుంటాడు, రాజకీయాల్లోకి దిగుతాడు. రెండోవాడు, మారిస్, ఏం జరిగిందో తెలియక కుప్పకూలిపోతాడు. తిరుపతిలో మా మిత్రులం కొందరం కలిసి ఈ సినిమా చూసినప్పుడు కూడా మాటలన్నీ దీని చుట్టూనే తిరిగాయి. “ఏం సామీ, మనసనేది అట్లా ఉన్నట్టుండి ఆగిపోతుందా?” అని ఒకాయన. “ఆగలేదబ్బా, ఆపేసుకున్నాడు” అని ఇంకొకాయన. లీలామహల్ సర్కిల్ దగ్గర టీలు అయిపోయాయి గానీ వాదన తేలలేదు.

తేలకపోవడానికి కారణం ఉంది. మాలో ఒకరు నవల చదివి మాట్లాడుతున్నారు, ఇంకొకరు సినిమా మాత్రమే చూసి మాట్లాడుతున్నారు. ఈ ప్రశ్నకు ఆ రెండూ వేర్వేరు జవాబులు చెబుతాయి. నవలను తెరకెక్కించేటప్పుడు జరిగిన ఆ ఒక్క మార్పులో స్వలింగ ప్రేమ, చట్టం, భయం అన్నీ ముడిపడి ఉన్నాయి. ఆ ముడి విప్పాలంటే నవల దగ్గర్నుంచి రావాలి.

ఇ.ఎం. ఫార్‌స్టర్ పేరు మన దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లకు కొత్త కాదు. ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’ రాసినాయన. 1913లో ఆయన ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే రచయితను చూడటానికి వెళ్లాడు. కార్పెంటర్ ఒక మామూలు కూలి కుటుంబం నుంచి వచ్చిన జార్జ్ మెరిల్‌తో దాపరికం లేకుండా కాపురం చేస్తున్న మనిషి. ఆ రోజుల్లో ఇంగ్లండులో అది ఎంత తెగువో ఊహించుకోవచ్చు. ఆ ఇంట్లో మెరిల్ తన నడుము కింద చేత్తో తాకాడనీ, ఆ స్పర్శతోనే నవల మొత్తం ఒక్కసారిగా మనసులో మెదిలిందనీ ఫార్‌స్టర్ తర్వాత రాసుకున్నాడు. 1914కల్లా ‘మారిస్’ పూర్తయింది. అచ్చు మాత్రం కాలేదు. స్నేహితులకు చూపించాడు, దశాబ్దాలపాటు దిద్దుతూ వచ్చాడు, అంకితం వాక్యంలో ‘మరింత సంతోషకరమైన సంవత్సరానికి’ అని రాసి పెట్టాడు. 1970లో ఆయన పోయాక, 1971లో పుస్తకం బయటికొచ్చింది.

ఎందుకు దాచాడు? ప్రేమికులిద్దరూ చివరికి కలిసి బతుకుతారు కాబట్టి. ఇది వింతగా అనిపించినా ఫార్‌స్టర్ స్వయంగా చెప్పిన మాట. కథ విషాదంగా ముగిసి ఉంటే, ఒకడు ఉరి పోసుకునో, ఇద్దరూ కలిసి ప్రాణాలు తీసుకునో ఉంటే, ప్రచురణకు ఇబ్బంది ఉండేది కాదు. నేరం చేసినవాడికి శిక్ష పడిందని లోకం ఊరుకునేది. సుఖాంతం తప్పనిసరి అని ఆయన పట్టుబట్టాడు. కాల్పనిక సాహిత్యంలోనైనా సరే ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుని, ఆ ప్రేమలోనే నిలిచిపోవాలని. ఆ పట్టుదల విలువ ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. 1924లో వచ్చిన ‘ప్యాసేజ్’ తర్వాత ఆయన ఇంకో 46 ఏళ్లు బతికి ఉన్నా మరో నవల ప్రచురించలేదు. తనకు రాయడానికి అనుమతి ఉన్న ఒకే ఒక్క విషయం, ఆడామగా ప్రేమ, విసుగెత్తిస్తోందని 1911లోనే డైరీలో రాసుకున్నాడు.

ఆ ‘ప్యాసేజ్’ అంకితం అందుకున్న వ్యక్తి సయ్యద్ రాస్ మసూద్. 1906లో ఫార్‌స్టర్ దగ్గర లాటిన్ నేర్చుకున్న కుర్రవాడు. ఫార్‌స్టర్ ఆయన్ను గాఢంగా ప్రేమించాడు. మసూద్ వైపు నుంచి వచ్చింది స్నేహమే, కానీ నిండైన స్నేహం. ఈ మసూద్ తర్వాత నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేశాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పాటులో ఆయన చెయ్యి ఉంది. 1921లో ఫార్‌స్టర్ హైదరాబాద్ వచ్చి ఆయన దగ్గర ఉన్నాడు కూడా. ‘మారిస్’లోని ఎదురుచూపు ఎక్కడో మంచు దేశపు వ్యవహారం అనుకునేవాళ్లకు ఈ సంగతి తెలిస్తే మంచిది. ఆ నవల రాసిన చెయ్యి ప్రేమలేఖలు పంపింది ఒక భారతీయుడికి.

ఇక చట్టం. 1885లో బ్రిటిష్ పార్లమెంటు ఒక సవరణ చేసింది. మగవాళ్లిద్దరి మధ్య ‘తీవ్ర అసభ్య ప్రవర్తన’ జరిగితే రెండేళ్ల దాకా కఠిన శిక్ష. అసభ్యం అంటే ఏమిటో అందులో చెప్పలేదు. ఎవరింట్లో నాలుగు గోడల మధ్య జరిగినా నేరమే. బెదిరించి డబ్బు గుంజేవాళ్లకు ఇది వరంగా మారింది. 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్ జైలుకు వెళ్లింది ఈ సెక్షన్ కిందే. అంతకు ముందే మన మీద సెక్షన్ 377 పెట్టారు. 1860లో ఆమోదించి 1862 నుంచి అమలు చేసిన శిక్షాస్మృతిలో ‘ప్రకృతి విరుద్ధం’ అంటూ యావజ్జీవం దాకా శిక్ష. మారిస్ కథ కేంబ్రిడ్జ్‌లో మొదలయ్యేది 1909లో. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుంచి తాలూకాలు కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసింది 1911లో. అంటే లండన్‌లో మారిస్ పోలీసులకు భయపడుతున్న రోజుల్లోనే చిత్తూరు కోర్టు బల్ల మీదా అదే పాలకుల చట్టపుస్తకం ఉంది.

ఆ 1911లోనే మన భాషకు ఇంకొకటి జరిగింది. కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురిస్తే, అశ్లీలమని ప్రభుత్వం ప్రతులు స్వాధీనం చేసుకుంది. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం హయాం దాకా ఆగాల్సి వచ్చింది. ఒక స్త్రీ తన కోరికను పద్యంలో చెబితే సహించలేని ఆ పాలన నీతే, ఇంగ్లండులో ఫార్‌స్టర్‌ను సొరుగు తాళం వేసుకునేలా చేసింది. విక్టోరియా కాలపు ఈ నీతిని ‘మన సంప్రదాయం’ అని ఇప్పటికీ కొందరు గుండెలు బాదుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు క్లైవ్ దగ్గరికి వద్దాం. నవలలో క్లైవ్‌కు ముందు ఫ్లూ జ్వరం వస్తుంది. కోలుకునే రోజుల్లో తనలో ఏదో మారినట్టు, ఆడవాళ్లు అందంగా కనపడటం మొదలైనట్టు అనిపిస్తుంది. గ్రీసు వెళ్లి, అక్కడి శిథిలాల మధ్య కూర్చుని, తన ఇష్టానికి విరుద్ధంగా తాను మామూలు మనిషినైపోయానని మారిస్‌కు ఉత్తరం రాస్తాడు. కారణం లేదు. ఫార్‌స్టర్ కారణం ఇవ్వదలుచుకోలేదు కూడా. కాగితం మీద ఇది కుదురుతుంది, ఎందుకంటే క్లైవ్ బుర్రలోకి మనల్ని తీసుకెళ్లి కూర్చోబెట్టగలడు రచయిత. తెర మీద కెమెరాకు మొహమే కనపడుతుంది. జ్వరం తగ్గిన మొహం చూపించి, ‘ఇతని ప్రేమ పోయింది’ అంటే ఎవరు నమ్ముతారు?

ఈ ఇబ్బందిని పసిగట్టినామె రూత్ ప్రావర్ జాబ్‌వాలా. దర్శకుడు జేమ్స్ ఐవరీ, బొంబాయిలో పుట్టిన నిర్మాత ఇస్మాయిల్ మర్చంట్ కలిసి తీసిన సినిమాల్లో చాలావాటికి రాసింది ఆమే. ఈ సినిమాకు మాత్రం ఐవరీ, కిట్ హెస్కెత్-హార్వీ కలిసి రాశారు. అయినా, క్లైవ్ మారడానికి ఒక కారణం కావాలనీ, దానికి రిజ్లీ పాత్రను వాడుకోవచ్చనీ సూచించింది ఆమే. నవలలో రిజ్లీ కేంబ్రిడ్జ్‌లో గలగలా మాట్లాడే కుర్రవాడు, అంతే. సినిమాలో అతను ఒక రాత్రి ఒక సైనికుడితో మాట కలుపుతాడు. అది వల. పోలీసులు పట్టుకుంటారు. కోర్టు, పత్రికలు, కఠిన కారాగారం. తన గుణగణాల గురించి సాక్ష్యం చెప్పమని రిజ్లీ అడిగితే క్లైవ్ ఒప్పుకోడు. ఆ తర్వాతే అతని ఆరోగ్యం కూలిపోతుంది, ఆ తర్వాతే గ్రీసు, ఆ తర్వాతే పెళ్లి.

జ్వరాన్ని తీసి భయాన్ని పెట్టారు. ఈ మార్పు మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది: సినిమా చేసింది సరైన పని. క్లైవ్‌ను పోలీసులు ఏనాడూ తాకరు. అతని మీద కేసు లేదు, ఎవరూ బెదిరించలేదు. ఇంకొకడికి పడిన శిక్ష చూసి తనకు తానే తీర్పు రాసుకుంటాడు. చట్టం అందర్నీ పట్టుకోవాల్సిన పనిలేదు. ఒకడిని పట్టుకుంటే చాలు, మిగతా వందమంది కిటికీలు వాళ్లే వేసుకుంటారు. 377 కింద కేసులు పెద్దగా ఎక్కడ పడ్డాయండీ, దాన్ని ఎత్తేయడానికి అంత పోరాటమెందుకు అని అడిగేవాళ్లకు క్లైవ్‌గా చేసిన హ్యూ గ్రాంట్ మొహమే జవాబు. రిజ్లీ విచారణ తర్వాతి సన్నివేశాల్లో అతను నవ్వుతూనే ఉంటాడు, మర్యాదగానే ఉంటాడు, కానీ కళ్లు మాత్రం గదిలో ఎవరెవరున్నారో లెక్కపెడుతుంటాయి.

నవల పక్షాన వాదించిన మిత్రుడి మాటనూ కాదనలేను. కారణం చెప్పేసరికి క్లైవ్ కాస్త చిన్నవాడయ్యాడని ఆయన అంటారు. నవలలోని క్లైవ్ నిజంగానే మారి ఉండొచ్చు. మనిషి కోరిక చెప్పకుండా వచ్చినట్టే చెప్పకుండా పోనూవచ్చు. ఆ అంతుపట్టనితనం సినిమాలో పోయింది. అది నష్టమే. రెండింట్లో ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే, నేను అంతుపట్టనితనాన్నే వదులుకుంటాను.

ఈ సినిమా 1987లో వచ్చింది. అంతకు ముందే ఫార్‌స్టర్ మరో నవల ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’ను తెరకెక్కించి మూడు ఆస్కార్‌లు తెచ్చుకున్న జట్టు అది, కోరుకున్న కథ తీసుకోగల స్థితి. అప్పుడు ఎయిడ్స్ భయం పతాక స్థాయిలో ఉంది, బ్రిటిష్ పత్రికలు గే మనుషులను జబ్బుతో సమానంగా రాస్తున్నాయి. మరుసటి ఏడాది, 1988లో, స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను ‘ప్రోత్సహించకూడదు’ అని అక్కడ మళ్లీ ఒక చట్టం తెచ్చారు. అలాంటి రోజుల్లో సుఖాంతమైన గే ప్రేమకథ తీశారు. మర్చంట్, ఐవరీ నలభై ఏళ్లకు పైగా జీవితంలోనూ తోడుగా ఉన్నవాళ్లని గుర్తుంచుకుంటే ఆ తెగువ ఇంకా బాగా అర్థమవుతుంది. వెనిస్ ఉత్సవంలో ఐవరీకి వెండి సింహం, మారిస్‌గా చేసిన జేమ్స్ విల్బీకీ హ్యూ గ్రాంట్‌కీ కలిపి ఉత్తమ నటుడి పురస్కారం వచ్చాయి.

తిరుపతిలో పెరిగినవాళ్లకు విరహం కొత్త కాదు. తెల్లారితే చెవిన పడేది అన్నమయ్య. ఆయన సంకీర్తనల్లో ఇప్పుడు దొరుకుతున్నవి ఎక్కువ భాగం శృంగారమే. ఒక మగ కవి నాయికగా మారి, స్వామి రాలేదని అలిగి, ఎదురుచూసి, నిట్టూరుస్తాడు. దాన్ని ఇంకో మగ గొంతు పాడుతుంది. మనం చేతులు జోడించి వింటాం. అది మధురభక్తి. దాన్ని ఈ కథతో ముడిపెట్టే ఉద్దేశం నాకు లేదు. నేను చెప్పేది వినే చెవి గురించి. ఎదురుచూపుకు ఎన్ని ఛాయలుంటాయో మన చెవికి తెలుసు. మారిస్ రాత్రివేళ కిటికీ తెరిచి వానలో తల తడుపుకుంటూ నిలబడే చోట సంభాషణ లేదు. మన ప్రేక్షకుడికి అక్కర్లేదు కూడా. తెలుగు సినిమా మాత్రం ఇలాంటి మనిషి తెరమీదికి రాగానే ఒక నడక పెట్టి, ఒక కామెడీ మ్యూజిక్ వేసి వదిలేసింది. విరహాన్ని ఇంత బాగా వినగలిగిన జనం చేత దాన్ని చూసి నవ్వించడం చిన్న తప్పు కాదు.

సినిమా తొలి సన్నివేశం కూడా నవ్వు తెప్పిస్తుంది, కానీ ఎవర్నీ కించపరచదు. సముద్రపు ఒడ్డున డ్యూసీ మాస్టారు, తండ్రి లేని చిన్న మారిస్‌కు సంసారం రహస్యం బోధిస్తాడు. చేతికర్రతో ఇసుకలో ఆడా మగా బొమ్మలు గీస్తాడు. పెళ్లి, పిల్లలు, పవిత్రత. బోధ ముగించి కాస్త దూరం నడిచాక గుర్తొస్తుంది, బొమ్మలు చెరపలేదని! ఇంతలో అటుగా ఆడవాళ్లు వస్తున్నారు. పవిత్రమైన పనే అయితే అంత కంగారెందుకు? పిల్లవాడికి ఆ క్షణమే అర్థమైపోతుంది, పెద్దవాళ్లు ఈ విషయంలో నిజం చెప్పరని.

ఇదే డ్యూసీ మాస్టారు చివర్లో మళ్లీ తగులుతాడు, బ్రిటిష్ మ్యూజియంలో. అక్కడికి వచ్చే ముందు అలెక్ స్కడర్ గురించి చెప్పాలి. క్లైవ్ ఎస్టేట్‌లో వేట పక్షులను, అడవిని కాసే పనివాడు అలెక్. పెళ్లైన క్లైవ్ ఇంట్లో మారిస్ అతిథిగా ఉన్న ఒక రాత్రి, కిటికీకి నిచ్చెన వేసుకుని పైకి వస్తాడు. మనకు ఈ భాగం అర్థం కావాలంటే కులాన్ని గుర్తు చేసుకోవాల్సిందే. దొర, పనివాడు ఒకే మంచం మీద. ఆ ఇంగ్లండుకు ఇది మగా మగా కలవడం కంటే పెద్ద మైల. తెల్లారేసరికి ఇద్దరికీ భయం. వీడు నన్ను బెదిరించి డబ్బు గుంజుతాడేమోనని మారిస్‌కు, వాడుకుని వదిలేస్తాడేమోనని అలెక్‌కు. మ్యూజియంలో రాతి విగ్రహాల మధ్య అలెక్ నిజంగానే బెదిరింపు మాటలు మొదలుపెడతాడు. అప్పుడే డ్యూసీ వచ్చి, పాత విద్యార్థిని పోల్చుకుని పేరు గుర్తుచేసుకోబోతాడు. మారిస్ తన పేరు స్కడర్ అని చెబుతాడు. పనివాడి పేరును తన పేరుగా చెప్పుకున్నాడు. ఆ తర్వాత బెదిరింపు నిలబడదు. రాయలసీమలో పుట్టిన ఎవరికైనా, పెద్దింటివాడు పాలేరు ఇంటిపేరు తనదని నలుగురిలో చెప్పడమంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

క్లైవ్ తట్టుకోలేనిదీ ఇదే. మగవాడిని ప్రేమించడం అతనికి తెలుసు. ప్లేటోను చదివి, శరీరం జోలికి పోకుండా, పెద్దమనుషుల పద్ధతిలో ప్రేమించాడు. అడవి కాసేవాడితో, పైగా శరీరంతో, అనేసరికి అసహ్యం ముంచుకొస్తుంది.

వీటి మధ్య మారిస్ వైద్యుల దగ్గరికీ వెళతాడు. ఇంటి డాక్టరు బ్యారీ వినడానికే ఒప్పుకోడు, చెత్తమాటలని కొట్టిపారేస్తాడు. తర్వాత హిప్నాటిస్టు ల్యాస్కర్-జోన్స్. ఆ పాత్ర వేసింది గాంధీగా మనకు తెలిసిన బెన్ కింగ్‌స్లీ. నిద్రపుచ్చి, గోడమీద ఆడబొమ్మను ఊహించుకోమంటాడు. ఫలితం ఉండదు. అప్పుడు అతనే ఫ్రాన్సుకో ఇటలీకో వెళ్లిపొమ్మంటాడు, అక్కడ ఇది నేరం కాదు కాబట్టి. నూరేళ్ల కిందటి ఈ సన్నివేశం మనకు పాతది కాదు. ఇలాంటి ‘మార్పిడి చికిత్స’లను ఆపాలని మద్రాసు హైకోర్టు 2021లో చెప్పాల్సి వచ్చింది, 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. మన జిల్లాల్లో అయితే డాక్టరు దాకా పోయేది తక్కువ. తాయెత్తు, మొక్కు, అప్పటికీ కాకపోతే అందరికీ తెలిసిన మందు: “పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి.”

ఇంగ్లండులో ఈ నేరం 1967లో పోయింది, అదీ 21 ఏళ్లు నిండినవాళ్లకు, ఇంటి లోపల. మన దగ్గర 2009లో ఢిల్లీ హైకోర్టు ఎత్తేసింది, 2013లో సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది, 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఒక్క మాట మీద కొట్టేశారు. 2023లో పెళ్లి హక్కు మాత్రం కుదరదన్నారు. కాబట్టి చిత్తూరులోనో తిరుపతిలోనో ఉన్న క్లైవ్‌కు ఇవాళ పోలీసు భయం లేదు. పెళ్లిచూపుల భయం ఉంది.

అందుకే ఈ సినిమా చూసిన ప్రతిసారీ నా దృష్టి యాన్ మీదికి పోతుంది. క్లైవ్ భార్య. నవల చివరి వాక్యంలో మారిస్ లేడు, అలెక్ లేడు. యాన్‌కు నిజం తెలియకుండా ఎలా దాచాలా అని ఉపాయం వెతుక్కుంటూ ఇంట్లోకి నడిచే క్లైవ్ ఉన్నాడు. ఫార్‌స్టర్ అంత దూరం చూశాడు, కానీ ఆమె వైపు నుంచి ఒక్క పేజీ రాయలేదు. 140 నిమిషాల సినిమాలోనూ ఆమెకు దక్కింది కాసిన్ని మర్యాద మాటలే. అబద్ధం మీద కట్టిన పెళ్లిలో ఆమె ఏం గమనించింది, ఎప్పుడు అనుమానించింది, ఎవరికి చెప్పుకుంది? మన ఊళ్లలో ఆ స్థానంలో ఉన్న ఆడవాళ్లు తప్పు తమదేనేమోనని గుళ్ల చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు. 1911 నాటి చిత్తూరులో, కలెక్టరు కచేరీలో ఉద్యోగం చేసే ఒక క్లైవ్ కథను ఎవరైనా తెలుగులో తీయదలిస్తే, మొదటి సన్నివేశం అతని భార్య గదిలో పెట్టమని అడుగుతాను.